హైదరాబాద్ నుంచి వర్షారణ్యానికి: మొదటిసారి వెళ్లేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

వర్షారణ్యం అనగానే మనవాళ్లు ముందు అడిగేది పాముల గురించి, ఆ తర్వాత పులుల గురించి. వెళ్లొచ్చినవాళ్లను కదిపి చూడండి. వాళ్లు చెప్పేదంతా ఆరని చొక్కా గురించి, తడి సాక్సుల గురించి, కాలివేళ్ల మధ్య ఒరుసుకుపోయిన చర్మం గురించే ఉంటుంది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం మీద కురిసే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. కర్ణాటకలోని ఆగుంబెలో అది 7,000 మిల్లీమీటర్లు దాటుతుంది. మన ఎండాకాలం ఎంత మండినా గాలి పొడిగా ఉంటుంది, చెమట ఆరిపోతుంది, నీడకు వెళ్తే ప్రాణం లేచొస్తుంది. వర్షారణ్యంలో ఉష్ణోగ్రత 30 డిగ్రీలే ఉన్నా గాలిలో తేమ 90 శాతం దగ్గర ఉంటుంది. కారిన చెమట కారినట్టే ఉండిపోతుంది. అందుకే ఈ గైడ్‌లో సింహభాగం తడిని ఎలా తట్టుకోవాలన్నదే. దాన్ని పట్టుకుంటే మిగతావి చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి.

మొదటి మెట్టు: దగ్గరి అడవితో మొదలుపెట్టండి

నేరుగా అమెజాన్‌కి టికెట్ కొనేయాలని చాలామందికి ఉంటుంది. నా సలహా, ఆగండి. ఈ వాతావరణం మీ ఒంటికి పడుతుందో లేదో రెండు రోజుల్లో, తక్కువ ఖర్చులో తెలుసుకునే చోట్లు మన దగ్గరే ఉన్నాయి.

మారేడుమిల్లి అచ్చమైన వర్షారణ్యం కాదు. కానీ వానాకాలంలో అక్కడి వాగులు, బురద దారులు, ఉక్కపోత మంచి రిహార్సల్. దాని తర్వాత పశ్చిమ కనుమలు. ఆగుంబెకి మంగళూరు వరకు విమానంలోనో, కాచిగూడ నుంచి రైల్లోనో వెళ్లి, అక్కడి నుంచి ఉడుపి మీదుగా ఘాట్ ఎక్కాలి. రాచనాగుల (కింగ్ కోబ్రాల) మీద పరిశోధన కోసం పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో పెట్టిన వర్షారణ్య పరిశోధన కేంద్రం ఉన్నది ఆ ఊళ్లోనే. కేరళలోని సైలెంట్ వ్యాలీకైతే శబరి ఎక్స్‌ప్రెస్‌లో పాలక్కాడ్‌లో దిగి, మన్నార్కాడ్ మీదుగా ముక్కాలి చేరాలి. ముక్కాలి దాటాక సొంత బండి వెళ్లనివ్వరు, అటవీ శాఖ అనుమతించిన జీపులోనే సైరంధ్రి దాకా తీసుకెళ్తారు. జలవిద్యుత్ ప్రాజెక్టు కింద మునిగిపోవాల్సిన ఈ లోయ ప్రజల పోరాటంతో బతికి, 1984లో జాతీయ పార్కు అయింది. కాస్త గట్టి నడక కావాలంటే తిరువనంతపురం దగ్గరి అగస్త్యార్‌కూడం ఉంది. ఎత్తు 1,868 మీటర్లు. జనవరిలో మొదలయ్యే కొద్ది వారాల సీజన్‌కి కేరళ అటవీ శాఖ ఆన్‌లైన్‌లో అనుమతులిస్తుంది. అవి చూస్తుండగానే అయిపోతాయి, తేదీ ప్రకటించిన రోజు ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సిందే.

రెండో విడతలో విదేశం. శంషాబాద్ నుంచి కొలంబోకి ఓ రెండు గంటలు, కౌలాలంపూర్‌కి నాలుగు గంటల ప్రయాణం. శ్రీలంక నైరుతిలోని సింహరాజ అడవి 1988 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. అక్కడ గైడ్ లేకుండా లోపలికి పంపరు. మలేసియాలో తామన్ నెగారాకి జెరాంతుత్ మీదుగా కౌలా తహాన్ ఊరు చేరాలి, నదిని పడవలో దాటితే అడవే. ఇంకా లోతైన అడవి కావాలంటే బోర్నియో ద్వీపం: సబా రాష్ట్రంలో దానుం లోయ, సరావాక్‌లో ములు. దానుంలో ఒక మెరాంటి చెట్టు ఎత్తు 100.8 మీటర్లు అని 2019లో ప్రకటించారు. చార్మినార్ మీద ఇంకో చార్మినార్ నిలబెట్టినా దాదాపు అంతే.

మూడో విడతలో అమెజాన్. మొదటిసారికి పెరూ తేలిక. ప్వేర్టో మాల్డొనాడో అనే ఊళ్లో విమానం దిగి పడవ ఎక్కితే టాంబోపాటా అడవుల్లోని లాడ్జిలకు చేరుస్తారు. కాంగో అడవులు ఇంకా తర్వాత. ఖర్చు, భద్రత, కాగితాలు, మూడూ బరువే.

రెండో మెట్టు: నెల చూసి సెలవు పెట్టండి

మన సంక్రాంతి, దసరా సెలవులకు అడవి కేలెండరుతో సంబంధం లేదు. తామన్ నెగారాలో నవంబరు నుంచి జనవరి దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వరదలు. మార్చి నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లాలి. సబాకి కూడా దాదాపు అవే నెలలు. సింహరాజకి జనవరి నుంచి ఏప్రిల్ మొదటి దాకా బాగుంటుంది. టాంబోపాటా వైపు మే నుంచి అక్టోబరు పొడికాలం అంటారు, అయినా వాన పడదని కాదు. పశ్చిమ కనుమల్లో కాలిబాటలు వానలు తగ్గాక అక్టోబరు నుంచి జనవరి దాకా హాయి. ఎండలు ముదిరాక కార్చిచ్చు భయంతో చాలా దారులు మూసేస్తారు.

మూడో మెట్టు: ఒంటిని తయారు చేయడం

కేబీఆర్ పార్కులో రోజూ నడుస్తున్నాం కదా అని ధీమా వద్దు. చదునైన బాటలో గంటకు ఐదారు కిలోమీటర్లు నడిచే మనిషి వర్షారణ్యంలో ఒకటి, మహా అయితే రెండు కిలోమీటర్లు నడుస్తాడు. వేర్లు, బురద, పడిపోయిన దుంగలు, తీగలు అడుగడుగునా ఆపుతాయి. ములులో పినకిల్స్ అనే రాతి శిఖరాల దారి పొడవు 2.4 కిలోమీటర్లే, కానీ ఎక్కాల్సిన ఎత్తు 1,200 మీటర్లు. చెప్పిన వేళకు సగం దారి చేరకపోతే గైడ్ మొహమాటం లేకుండా వెనక్కి తిప్పేస్తాడు.

కాబట్టి మెట్లు ఎక్కండి. గోల్కొండలో బాలా హిస్సార్ దాకా, ఎనిమిది పది కిలోల బ్యాగు వీపున వేసుకుని, ఆదివారం పొద్దున్నే, జనం రాకముందే. దిగేటప్పుడు మోకాళ్ల మీద పడే బరువు ఎక్కేటప్పటి ఆయాసం కంటే ముఖ్యం, అడవిలో జారేది దిగేటప్పుడే. జూలై, ఆగస్టు నెలల్లో అనంతగిరి కొండల్లో ఒక రోజంతా వానలో నడవండి. గొడుగు తీయకండి. బూట్లలోకి నీళ్లు పోనివ్వండి. తడిసిన బూటుతో ఐదారు గంటలు నడిచాక మీ కాలు ఎక్కడ బొబ్బెక్కుతుందో తెలిసిపోతుంది, ఏ సాక్సులు పనికిరావో కూడా తెలుస్తుంది. ఈ ఒక్క పరీక్ష పెట్టుకోకుండా విమానం ఎక్కకండి.

వేడికి, తేమకి శరీరం పూర్తిగా అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అంత సెలవు ఎవరిస్తారు? కనీసం వెళ్లిన మొదటి రెండు రోజులు చిన్న నడకలు మాత్రమే పెట్టుకోండి.

నాలుగో మెట్టు: టీకాలు, మందులు

దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ పట్టుకున్నది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. అలాంటి ఊరివాళ్లమై ఉండీ దోమను తేలిగ్గా తీసుకోవడం బాగుండదు. ప్రయాణానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్ని కలవండి.

అమెజాన్, కాంగో వెళ్లేవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా తప్పదు. మామూలు క్లినిక్‌లో వేయించుకుంటే కుదరదు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకుని పసుపు రంగు సర్టిఫికెట్ పుస్తకం తీసుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, అలాంటి కేంద్రం. పాస్‌పోర్టు తీసుకెళ్లాలి. టీకా వేసే రోజులు, వేళలు ముందే కనుక్కుని వెళ్లండి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆపైన జీవితాంతం పనికొస్తుంది. ఇది ఎందుకంత ముఖ్యమంటే, ఆ దేశాల నుంచి సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే పట్టుకుని ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం మనవాళ్లకుంది. కోడిగుడ్డు అలర్జీ ఉన్నవాళ్లు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు, అరవై దాటినవాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. పెరూ ట్రిప్పుకి అమ్మానాన్నల్ని తీసుకెళ్లే ఆలోచన ఉంటే టికెట్ల కంటే ముందు ఈ సంగతి తేల్చుకోండి.

హెపటైటిస్-ఎ, టైఫాయిడ్, టెటనస్ టీకాలు అప్‌డేట్‌గా ఉన్నాయో లేదో చూసుకోండి. మలేరియా ఉన్న చోటికైతే నివారణ మాత్రలు అవసరం కావచ్చు. డాక్సీసైక్లిన్ అయితే ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అడవి వదిలాక కూడా నాలుగు వారాలు వాడాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే తిరిగొచ్చాక ఏడు రోజులు. ఏది మీకు సరిపోతుందో చెప్పాల్సింది డాక్టర్, మెడికల్ షాపు కుర్రాడు కాదు. డెంగీకి ఇలా ముందుగా వేసుకునే మాత్ర లేదు, దోమ కుట్టకుండా చూసుకోవడమే మందు.

ఎవరూ పట్టించుకోని ఇంకో జబ్బు లెప్టోస్పైరోసిస్. ఎలుకలు, ఇతర జంతువుల మూత్రం కలిసిన నీళ్ల ద్వారా వస్తుంది. 2000లో సబాలో ఎకో-ఛాలెంజ్ అనే సాహస పోటీ జరిగింది. పాల్గొన్నవాళ్లలో పరిశోధకులు 189 మందిని ఆరా తీస్తే 80 మందిలో ఈ జబ్బు లక్షణాలు కనబడ్డాయి. వాళ్లంతా ఆరితేరిన అథ్లెట్లు. సెగామా నదిలో ఈదడమే అసలు కారణమని తేలింది. కాళ్ల మీద గాయాలుంటే నదిలో దిగకండి, నీళ్లు మింగకండి.

మందుల డబ్బాలో ఓఆర్ఎస్ పొట్లాలు దండిగా ఉండాలి. వట్టి నీళ్లు లీటర్ల కొద్దీ తాగి, చెమటలో పోయిన ఉప్పు భర్తీ చేయకపోతే తల తిరుగుడు, వాంతులు మొదలవుతాయి. ఫంగస్‌కి వాడే క్లోట్రిమజోల్ పౌడరు రెండు డబ్బాలు పెట్టుకోండి. తొడల మధ్య, వేళ్ల మధ్య రోజూ రాత్రి చల్లుకోవాల్సిందే. దీన్ని చెప్పడానికి అందరూ సిగ్గుపడతారు, మూడో రోజు అందరూ అడిగి తీసుకుంటారు.

ఐదో మెట్టు: కాగితాలు

మలేసియా 2023 డిసెంబరు నుంచి భారతీయులకు 30 రోజుల దాకా వీసా లేకుండా అనుమతిస్తోంది, ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు మాత్రం నింపాలి. ఇలాంటి నిబంధనలు మారిపోతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు అధికారిక సైటులో చూసుకోండి. పెరూకి మనకు వీసా కావాలి. అయితే పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. పిల్లల్ని చూడ్డానికి అమెరికా వెళ్లొచ్చే తల్లిదండ్రులు హైదరాబాద్‌లో వీధికి పదిమంది ఉంటారు, వాళ్లకిది కలిసొచ్చే విషయం.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ధర చూడకండి, మినహాయింపుల పేజీ చదవండి. చాలా పాలసీల్లో సాహస క్రీడలు ఉండవు. మారుమూల నుంచి పడవలోనో హెలికాప్టర్లోనో ఆసుపత్రికి చేర్చే ఖర్చు అందులో ఉందా లేదా అన్నది ఒక్కటీ కచ్చితంగా కనుక్కోండి.

శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ మెసేజ్ పరికరాలు ఆన్‌లైన్‌లో చూసి ముచ్చటపడి కొనకండి. అనుమతి లేకుండా వాటిని మన దేశంలో దగ్గర ఉంచుకోవడం నేరం, విమానాశ్రయాల్లో పట్టుబడి కేసులైన సందర్భాలున్నాయి. కావాలంటే అక్కడి ట్రెక్ నిర్వాహకుల దగ్గర ఉందో లేదో అడగండి.

ఆరో మెట్టు: సంచి సర్దడం

సూత్రం ఒక్కటే. రెండు జతలు: ఒకటి తడి జత, ఒకటి పొడి జత. పగలు నడిచేది తడి జతతో. అది ఎప్పుడూ తడిగానే ఉంటుంది, ఆరబెట్టాలని ఆశపడకండి. పొడి జత నీళ్లు చొరని డ్రై బ్యాగులో, దాన్ని మళ్లీ ఇంకో కవర్లో పెట్టి, రాత్రి పడుకునేటప్పుడు మాత్రమే తీయాలి. అసలు కష్టం తెల్లారాక ఉంది. చల్లగా, కంపు కొడుతున్న తడి చొక్కాను వెచ్చటి ఒంటి మీద మళ్లీ వేసుకోవాలి. "ఈ ఒక్క రోజుకి పొడిది వేసుకుంటే ఏమైంది?" అని మనసు లాగుతుంది. వేసుకున్నారా, పది నిమిషాల్లో అదీ తడుస్తుంది, ఆ రాత్రి నుంచి మీకు పొడి బట్ట అనేదే ఉండదు.

జీన్సు ఇంట్లోనే వదిలేయండి. కాటన్ కూడా వద్దు, అది నీళ్లు పీల్చి బరువెక్కి చర్మాన్ని ఒరుస్తుంది. ఆటలకు వాడే పాలిస్టర్ టీషర్టులు, పల్చటి పొడుగు ప్యాంట్లు, పొడుగు చేతుల చొక్కా చాలు. ఖరీదైన రెయిన్ జాకెట్ వేసుకుని నడిస్తే లోపల చెమటతో అంతకంత తడుస్తారు. నా ఓటు తల మీంచి వదులుగా వేసుకునే పలచటి పాంచోకి, లాడ్జి చుట్టుపక్కల నడకలకైతే మామూలు గొడుగుకి. తువ్వాలు బదులు ఒక లుంగీ పెట్టుకోండి. తుడుచుకోవడానికి, కప్పుకోవడానికి, బట్టలు మార్చుకునే మరుగుకి, అన్నిటికీ అదే.

బూట్ల విషయంలో స్థానికుల్ని చూసి నేర్చుకోవడం మంచిది. మలేసియాలో గైడ్లు వేసుకునేది అచ్చం ఫుట్‌బాల్ బూట్లలా కింద గుబ్బలుండే నల్ల రబ్బరు బూట్లు, అక్కడివాళ్లు సరదాగా "అడిడాస్ కంపుంగ్" అంటారు. కంపుంగ్ అంటే పల్లెటూరు. చవక, బురదలో జారవు, నీళ్లు పోసేస్తే ఖాళీ. పెద్ద పాదాలవాళ్లకు సైజు దొరకడం కష్టం. అమెజాన్‌లో మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లను లాడ్జివాళ్లే ఇస్తారు.

కొంపల్లి, గచ్చిబౌలి వైపు పెద్ద స్పోర్ట్స్ షాపుల్లో డ్రై బ్యాగులు, హెడ్ ల్యాంపు, తాళ్లు దొరుకుతాయి. కోఠి, సుల్తాన్ బజార్ వైపు టార్పాలిన్లు, నైలాన్ తాళ్లు ఇంకా చవక. హెడ్ ల్యాంపు రెండు పెట్టుకోండి. డీట్ ఉన్న దోమల మందు బాగా పనిచేస్తుంది కానీ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, అది రాసుకున్న చేత్తో కళ్లజోడు, వాచీ, కెమెరా ముట్టుకోకండి. బట్టల మీద చల్లే పెర్మెత్రిన్ అనే పురుగుల మందు మంచిదే, తడిగా ఉన్నప్పుడు పిల్లులకు అది విషం, ఇంట్లో పిల్లి ఉంటే మేడ మీద చల్లి ఆరబెట్టండి. ఏసీ గదిలోంచి కెమెరాను ఒక్కసారిగా బయటికి తీస్తే లెన్స్ లోపల ఆవిరి పడుతుంది. బ్యాగులోనే ఉంచి బయట అరగంట ఆగాక తీయాలి.

ఇక ఆవకాయ. వద్దంటే వినరని తెలుసు. సీసా వద్దు, నూనె కారితే బ్యాగంతా చీమల పుట్ట అవుతుంది. కారప్పొడి, వేయించిన అటుకులు, పల్లీ పట్టీలు గాలి చొరని డబ్బాల్లో పెట్టుకోండి. ఆస్ట్రేలియాలోని డెయింట్రీ వర్షారణ్యానికి వెళ్లేవాళ్లు మాత్రం తినే వస్తువు ఏది తీసుకెళ్లినా కస్టమ్స్ కాగితంలో రాయాలి. దాచి పట్టుబడితే జరిమానా గట్టిగా వేస్తారు.

ఏడో మెట్టు: అడవిలో నడక

గైడ్ ముందు, మీరు వెనక. గైడ్‌గా ఆ అడవిలో పుట్టి పెరిగినవాళ్లను అడిగి పెట్టించుకోండి. తామన్ నెగారాలో బాతెక్ జనం, ములు వైపు పెనాన్ జనం తరతరాలుగా అక్కడే ఉన్నారు. వాళ్ల కన్ను మన కన్ను కాదు.

దారిలో పడిపోయిన దుంగ అడ్డొస్తే ఒకేసారి అవతలికి కాలు చాపకండి. ముందు దుంగ మీద కాలు పెట్టి ఎక్కాలి, అవతల ఏముందో వంగి చూడాలి, అప్పుడు దిగాలి. పాములు ఎక్కువగా చుట్ట చుట్టుకుని ఉండేది ఆ చాటునే. జారినప్పుడు చేతికందిన కొమ్మ పట్టుకోవడం మన అలవాటు, అక్కడ అది మానుకోవాలి. పేము తీగల నిండా ముళ్లుంటాయి. మనకు దురదగొండి తెలుసు. డెయింట్రీ వైపు జింపీ-జింపీ అనే మొక్క ఆకు తగిలితే నొప్పి నెలల తరబడి తిరగబెడుతుంది.

పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏవీ చేయకండి. కరిచిన కాలు కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చడమే. మన దేశంలో దొరికే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర విషాలకు పనికొచ్చేలా చేసినది. పశ్చిమ కనుమల్లోని పిట్ వైపర్లకు, అమెజాన్ పాములకు అది పనిచేయదు. ఇక్కణ్నుంచి మందు పట్టుకెళ్దాం అనే ఆలోచన అందుకే వృథా. దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఆ ప్రాంతపు మందు ఉందో గైడ్‌ని ముందే అడగండి.

వాగుల గురించి తెలుగువాళ్లకు వేరే చెప్పాలా! ఏటా వానాకాలంలో వాగు దాటబోయి కొట్టుకుపోయినవాళ్ల వార్తలు చదువుతూనే ఉంటాం. అయినా సెలవులో, గుంపులో ఉన్నప్పుడు ధైర్యం ఎక్కువవుతుంది. మీ మీద చుక్క పడకపోయినా ఎగువన వాన పడితే అడవి వాగు నిమిషాల్లో పెరుగుతుంది. నీళ్లు ఎర్రబారినా, ఆకులు చెత్త కొట్టుకొస్తున్నా దిగకండి. దిగాల్సి వస్తే బ్యాగు నడుము బెల్టు విప్పేయాలి, పడిపోతే బ్యాగు వదిలించుకోవడానికి. చేతికర్ర ఎగువ వైపు ఆనించి, ముఖం ప్రవాహానికి ఎదురుగా పెట్టి, ఒక్కో కాలూ పక్కకు జరుపుతూ వెళ్లాలి. తొడల దాకా నీళ్లుంటే ఒడ్డున కూర్చోండి. ఆ వాగులు ఎంత త్వరగా పొంగుతాయో తీయడం కూడా చాలాసార్లు అంతే త్వరగా తీస్తాయి.

జలగలు పట్టుకుంటాయి. పట్టుకోక మానవు. సాక్సుల మీద వేసుకునే దట్టమైన గుడ్డ తొడుగులు కొంత ఆపుతాయి. పట్టుకున్నాక లాగి పారేయకండి. జాగ్రత్తగా చూస్తే దానికి ఒక కొస సన్నగా, ఒక కొస లావుగా ఉంటుంది. సన్న కొస నోరు. గోరును చర్మానికి ఆనించి పక్కగా తోస్తే ఆ కొస వదులుతుంది, వెంటనే లావు కొసనూ అలాగే తోసి విదిల్చాలి. ఆలస్యం చేస్తే అది మీ వేలికి అంటుకుంటుంది, అదో తలనొప్పి. ఉప్పు, అగ్గిపుల్ల పనిచేస్తాయి కానీ అది కడుపులోది గాయంలోకి కక్కే ప్రమాదముంది. తీసేశాక రక్తం గంటల తరబడి కారుతుంది. జలగ లాలాజలంలోని హిరుడిన్ రక్తం గడ్డకట్టనివ్వదు, అంతే. కడిగి, దూది పెట్టి నొక్కి పట్టండి. టెన్షన్ పడాల్సిన పని లేదు, తెల్ల ప్యాంటు వేసుకుని ఉంటే తప్ప.

ఒరాంగుటాన్ కనబడితే కనీసం పది మీటర్ల దూరం పాటించాలి. మన జలుబు, దగ్గు వాటికి అంటుకుంటాయి. అరటిపండు ఇచ్చి ఫోటో తీయిస్తానన్న గైడ్‌ని మార్చేయండి. సబాలోని సందకాన్ నుంచి కినబతాంగన్ నది వైపు వెళ్లే రోడ్డు పొడవునా కనబడేది పామాయిల్ తోటలే. అశ్వారావుపేట వైపు వాళ్లకి ఆ దృశ్యం కొత్తేమీ కాదు. ప్రపంచంలో పామాయిల్‌ని అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునేది మన దేశమే, కాబట్టి ఆ తోటల లెక్కలో మన పకోడీలకూ వాటా ఉంది. ఆ నదిలో మొసళ్లుంటాయి, ఈతకు దిగకండి.

ఎనిమిదో మెట్టు: రాత్రి బస

భూమధ్యరేఖ దగ్గర ఏడాది పొడవునా పగలు పన్నెండు గంటలే. చెట్ల కింద ఇంకా ముందే చీకటి పడుతుంది. నాలుగింటికి నడక ఆపి బస చూసుకోవాలి.

చోటు ఎంచుకునేటప్పుడు ముందు పైకి చూడండి. వర్షారణ్యంలో ప్రాణం తీసేవాటిలో ఎండు కొమ్మలు, పుచ్చిన చెట్లు ముందు వరసలో ఉంటాయి, వాన పడి బరువెక్కి రాత్రిపూట కూలుతాయి. తర్వాత కిందికి చూడండి. చీమల బారు ఉంటే ఆ చెట్టు వద్దు. వాగు ఒడ్డు ఇసుక ఎంత మెత్తగా ఉన్నా అక్కడ పడుకోకూడదు.

నేల మీద టెంటు కంటే ఊయల మంచం, అంటే హ్యామక్, సుఖం. నాలుగైదు మీటర్ల ఎడంలో రెండు చెట్లు చాలు. ముందు టార్పాలిన్ కట్టాలి, దాని కింద ఊయల, దానికి దోమతెర. ఊయల తాడు వెంట వాన నీరు జారుతూ వచ్చి వీపు తడిపేస్తుంది. ఊయల మొదలయ్యే చోటికి ముందే తాడుకు ఒక జానెడు నూలు దారం ముడి వేసి కిందికి వేలాడదీస్తే నీరు అక్కడే బొట్లుగా కారిపోతుంది. పైసా ఖర్చు లేని ఈ చిట్కా లక్ష రూపాయల సామాను కంటే నయం. బూట్లు కర్రలకు బోర్లా తగిలించి, తెల్లారి దులిపాకే వేసుకోండి. తేళ్లు, శతపాదులు అందులో దూరతాయి. రాత్రి బయటికి వెళ్లాల్సొస్తే పక్కవాళ్లకు చెప్పి వెళ్లండి. నీటికి అరవై డెబ్బై మీటర్ల దూరంలో జానెడు లోతు గుంట తవ్వి, పని అయ్యాక పూడ్చేయాలి.

తాగే నీళ్లు మరగబెట్టాలి, లేకపోతే క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి. అడవి నీళ్లు అమృతం అన్న మాటలు నమ్మకండి.

తొమ్మిదో మెట్టు: దారి తప్పితే

పది అడుగులు పక్కకు వెళ్లి దారి కోల్పోయినవాళ్లున్నారు. దట్టమైన అడవిలో కేక దూరం పోదు, ఆకులు మింగేస్తాయి. విజిల్ మెడలోనే ఉండాలి, బ్యాగులో కాదు. దారి తప్పామని అనుమానం రాగానే ఆగి, ఉన్నచోటే మూడేసి సార్లు ఊదుతూ కూర్చోవాలి.

ఇక్కడ అందరూ జూలియానా కోప్కే కథ చెబుతారు. 1971 డిసెంబరు 24న పెరూ అడవిపై విమానం కూలితే పదిహేడేళ్ల ఆ అమ్మాయి మూడు కిలోమీటర్ల ఎత్తు నుంచి పడి బతికింది, వాగు వెంట నడిచి పదకొండో రోజున మనుషుల కంటబడింది. కానీ ఆమె తల్లిదండ్రులు జీవశాస్త్రవేత్తలు, ఆమె అడవిలోని వాళ్ల పరిశోధన కేంద్రంలో కొంతకాలం ఉండి అడవిని నేర్చుకుంది. 2023లో కొలంబియాలో విమానం కూలాక నలభై రోజులు బతికిన నలుగురు పిల్లలు కూడా అడవి తెలిసిన ఆదివాసీ కుటుంబం పిల్లలే. ఏ కాయ తినొచ్చో పెద్దపాపకు తెలుసు. మాదాపూర్‌లో లిఫ్టు ఎక్కి దిగే మనం వాళ్ల బాటలో వాగు వెంట బయల్దేరితే వెతికేవాళ్లకు ఇంకా దూరమవుతాం. ఉన్నచోటే ఉండండి. పొద్దున బయల్దేరే ముందు ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో బసలో రాసిపెట్టి వెళ్లడం అందుకే.

పదో మెట్టు: ఇంటికొచ్చాక

బట్టలన్నీ వేడినీళ్లలో ఉతికించండి, బూట్లు బురద పోయేదాకా కడిగి నీడలో ఆరబెట్టండి. మలేరియా మాత్రలు డాక్టర్ చెప్పిన గడువు వరకు ఆపకుండా వేసుకోండి. ఇంటికి చేరగానే మానేసేవాళ్లే ఎక్కువ.

తిరిగొచ్చిన మొదటి నెలల్లో జ్వరం వస్తే వైరల్ అనుకుని పారాసెటమాల్‌తో గడపకండి. మలేరియా కొన్నిసార్లు నెలలు గడిచాక బయటపడుతుంది. కళ్లు ఎర్రబడి, పిక్కలు బాగా లాగుతుంటే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్, అదే మన కోరంటి దవాఖాన, ఇలాంటి జ్వరాలకే పెట్టిన ఆసుపత్రి. ఎక్కడికి వెళ్లినా డాక్టర్ గదిలో కూర్చోగానే మొదటి మాటగా చెప్పాల్సింది ఏ దేశం, ఏ అడవి, ఏ తేదీల్లో వెళ్లొచ్చారు, నదిలో దిగారా, ఏ మాత్రలు వేసుకున్నారు అన్నది. బోర్నియోలో కోతుల నుంచి మనుషులకు వచ్చే నోలెసి అనే మలేరియా రకం ఉంది. అక్కడికి వెళ్లొచ్చానని మీరు నోరు విప్పి చెబితేనే ఇక్కడి డాక్టర్ దాని కోసం వెతుకుతారు.